సరిపోలని బీరపాదు

మామిళ్లదిబ్బ పురపాలక సంఘంలో మొక్కలు పెరగకూడదన్న రూలు ఎప్పుడూ లేదు. ఇప్పటికీ లేదు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం, ఎందుకంటే తర్వాత జరిగిందంతా వింటే మీరు మా ఊరి గురించి ఏమేమో అనుకుంటారు.

ఆ ఏడు పచ్చదనం పోటీలో మా ఊరు జిల్లా మొత్తానికి ఆఖర్న వచ్చింది. మా కంటే ముందున్న ఊళ్లో చెట్లు మాకన్నా ఎక్కువేం లేవుగానీ, వాళ్లు పార్కు గోడకి ఆకుపచ్చ రంగు వేయించుకున్నారు. ఆ అవమానం తట్టుకోలేక మా మున్సిపాలిటీ వాళ్లు 'ఇంటింటా పెరటి తోట' అని ఒక పథకం పెట్టారు. ఐదు మొక్కలు నమోదు చేయించుకున్న ఇంటికి కుళాయి నీళ్లు రోజూ ఇంకో గంట వదులుతారు. అప్పటికి మా కుళాయిల్లో నీళ్లు రోజు మార్చి రోజు నలభై నిమిషాలు వచ్చేవి. కాబట్టి మొక్కల మీద ప్రేమ ఊరందరికీ ఒకే వారంలో పుట్టింది.

పథకానికి ప్రత్యేక అధికారిగా చిదంబరేశ్వరరావు గారు వచ్చారు. సన్నగా, ఇస్త్రీ నలగకుండా ఉంటారు. అంతకుముందు ఆయన పదకొండేళ్లు పింఛన్ల విభాగంలో చేశారు. పింఛను తీసుకునే ముసలివాళ్లు బతికే ఉన్నారా, ఉంటే వాళ్లు వాళ్లేనా అని ఏటా తేల్చే విభాగం అది. ఆ పనికి ఫోన్లో ఒక యాప్ ఉండేది. ముసలాయన ముఖాన్ని పాత ఫోటోతో పోల్చి 'సరిపోలింది' అనో 'సరిపోలలేదు' అనో చెప్పేది. మొక్కలకి కొత్త యాప్ తయారుచేయించే వ్యవధి లేక, అందులో 'పింఛనుదారు' అన్నచోటల్లా 'మొక్క' అని మార్పించారు. కొన్నిచోట్ల మార్చడం మర్చిపోయారు.

ప్రారంభోత్సవంలో ఆయన ఇలా సెలవిచ్చారు: "నమోదు పునాది. ధ్రువీకరణ గోడ. గుర్తింపు లేని మొక్కని పెరట్లో ఉంచుకోవడమంటే, ఊరూపేరూ తెలియని వ్యక్తికి మన ఇంట్లో ఆశ్రయం కల్పించడమే."

అందరం చప్పట్లు కొట్టాం. గంట నీళ్లంటే మాటలా.

రంగులవారి వీధిలో గుబ్బల పేరంటాలు గారిది కర్రీ పాయింట్. యాభై ఆరేళ్ల మనిషి. ఇంటి ముందు వరండాలో బల్ల వేసుకుని, మధ్యాహ్నానికి నాలుగు కూరలు, ఒక పప్పు, ఒక పచ్చడి పొట్లాలు కట్టి అమ్ముతుంది. బ్యాంకు వాళ్లు, కాలేజీ వాళ్లు, మున్సిపల్ ఆఫీసు వాళ్లు అందరూ ఆవిడ దగ్గరికే వస్తారు. ఆ కూరల రహస్యం పెరట్లో ఉంది. పొద్దున్న కోసింది మధ్యాహ్నం పొట్లంలో ఉంటుంది. పందిరి మీద బీర, గోడ వారన వంగ, బెండ, నూతి గట్టుకి పాకిన బచ్చలి, ముందు వరసలో బంతి, కనకాంబరం. నూతిలో నీళ్లు మాత్రం ఎప్పుడో అడుగంటాయి.

ఆవిడ భర్త గంగరాజు గారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై రెండేళ్లు టికెట్టు లేనివాళ్లని బస్సు దింపి దింపి, ఎప్పటికైనా తనని కూడా ఎవరో ఒకరు ఏదో ఒక కాగితం లేదని దింపేస్తారని ఆయనకి లోపల ఒక భయం పట్టుకుంది.

జూన్ నెలలో వాళ్లింటికి వార్డు సహాయకురాలు దేవకీరాణి వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం, చెప్పులరిగేలా తిరుగుడు.

"పిన్నిగారూ, మొక్కల నమోదుకి వచ్చానండీ. ఎన్ని ఉన్నాయి?"

"ఎన్నున్నాయో ఎవరు చూశారు తల్లీ. రా, ముందు మజ్జిగ తాగు."

మొత్తం ముప్పై ఒకటి తేలాయి. అన్నీ అప్పుడే మొలిచినవి. బీరకి రెండేసి ఆకులు. వంగ మొక్కలు వేలెడు. బంతి జానెడు. దేవకీరాణి ఒక్కోదాని ముందూ గొంతుక్కూచుని ఫోటో తీసి, నంబరు రాసిన రేకు బిళ్ల కట్టి, ఫోన్లో వచ్చిన ప్రశ్నలు అడగడం మొదలెట్టింది.

"తండ్రి పేరు?"

"ఎవరికి?"

"బీర మొక్కకండీ. ఖాళీగా వదిలేస్తే ముందుకి పోదు."

"విత్తనాలు మా ఆడపడుచు ఇచ్చింది. ఆవిడ పేరు రాసెయ్."

"పుట్టుమచ్చలు?"

పేరంటాలు వంగి చూసింది. "ఎడమ ఆకు మీద పురుగు కొరికిన చిల్లుంది."

దేవకీరాణి అది రాసుకుంది. ముప్పై ఒక్క మొక్కలకీ పుట్టుమచ్చలు వెతికేసరికి పొద్దువాలింది. వెళ్లేటప్పుడు పేరంటాలు ఆవిడకి పిల్లల కోసమని వంకాయ కూర పొట్లం ఇచ్చి పంపింది. మర్నాటి నుంచి కుళాయిలో గంటసేపు నీళ్లొచ్చాయి. మొక్కలు ఆ నీళ్లు తాగాయి. తాగి, అవి చేసే పని అవి చేశాయి.

ఆగస్టులో మొదటి ధ్రువీకరణ. దేవకీరాణి మళ్లీ వచ్చి, బీరపాదు ముందు నిలబడి ఫోన్ పైకెత్తింది. పాదు పందిరంతా కమ్మేసి, అవతలి పక్కకి జారి, కాయలు వేలాడుతూ ఉంది. ఫోన్ కాసేపు ఆలోచించి, "దయచేసి వృద్ధుణ్ణి కళ్లజోడు తీయమని కోరండి" అంది. ఇంకోసారి పట్టింది. "ముఖం సరిగా కనపడుటలేదు. దగ్గరగా రమ్మనండి." మూడోసారి ఎర్రగా రాసింది: "సరిపోలలేదు."

వంగ సరిపోలలేదు. బెండ సరిపోలలేదు. బంతి పూలు పూసి ఉంది కాబట్టి అసలు సరిపోలలేదు. ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ ఎరుపే.

"ఏమైందమ్మాయ్?" అంది పేరంటాలు.

"పెరిగిపోయాయండీ," అంది దేవకీరాణి, ఏదో దుర్వార్త చెబుతున్నట్టు.

నాలుగో రోజున నోటీసు వచ్చింది. గంగరాజు గారు పైకి చదివారు. "మీ నివాసమందు నమోదు చేయబడిన ముప్పది ఒక్క మొక్కలను మీరు గానీ, గుర్తు తెలియని వ్యక్తులు గానీ తొలగించి, వాటి స్థానములో అపరిచిత మొక్కలను ఉంచినట్లు ఈ కార్యాలయము నిర్ధారించినది. నమోదిత మొక్కల నిమిత్తము విడుదల చేసిన నీటిని అనర్హమైన మొక్కలకు పోయుట దుర్వినియోగము. వారము రోజులలో సంజాయిషీ ఇవ్వనిచో కుళాయి నిలిపివేయబడును."

"చెప్పానా?" అన్నారు గంగరాజు గారు. "ముప్పై ఒకటీ ఎందుకే రాయించావు? ఐదు రాయిస్తే పోయేదిగా!"

"ఐదైనా పెరిగేవేగా?"

మర్నాడు ఇద్దరూ ఆఫీసుకి వెళ్లారు. చిదంబరేశ్వరరావు గారు చాలా మర్యాదగా కూర్చోమన్నారు.

"బాబూ, అవి అవేనండీ. పెరిగాయి, అంతే," అంది పేరంటాలు.

"పెరిగాయని మీరంటున్నారు."

"నేననడమేంటి, అవే కనబడుతున్నాయిగా."

"అమ్మా, నాకు కనపడేది రెండే. జూన్‌లో రెండు ఆకుల మొక్క. ఆగస్టులో నాలుగు వందల ఆకుల మొక్క. ఈ రెండింటికీ సంబంధం ఉందని చెప్పే కాగితం నా దగ్గర లేదు. ఇదిగో మార్గదర్శకాలు. నాటుట, రక్షించుట, ధ్రువీకరించుట. పెరుగుట అనే మాట ఎక్కడైనా ఉంటే చూపించండి."

గంగరాజు గారు నిజంగానే ఆ పుస్తకం తీసుకుని వెతికారు. ఎక్కడా లేదు.

"మరి బంతి మొక్కకి పూలెలా వచ్చాయంటారు?" అంది పేరంటాలు.

"నమోదు సమయంలో పసుపు రంగు లేదు. నేను అంతవరకే చెప్పగలను." ఆయన కాస్త మెత్తబడ్డారు. "చూడండి, నేను కఠినుణ్ణి కాను. పింఛన్లలో కూడా ఇలాంటివి వచ్చేవి. ఒకాయన గడ్డం పెంచాడు. గెజిటెడ్ అధికారి చేత ధ్రువపత్రం తెచ్చుకున్నాడు, సరిపోయింది. మీరూ తెచ్చుకోండి. మొక్క తన సమక్షంలో పెరిగినట్టు గెజిటెడ్ అధికారి ఎవరైనా రాసిస్తే చాలు."

ఊళ్లో గెజిటెడ్ అధికారులు ఆరుగురున్నారు. బీరపాదు ముందు కూచునే తీరిక ఐదుగురికి లేదు. ఆరోవారు పశువైద్యాధికారి మృత్యుంజయరావు గారు. నిజాయితీపరుడని పేరు. ఆయన చూడని గేదెకి చూసినట్టు ఏనాడూ రాసివ్వలేదు.

ఆయన ఒక ఆదివారం పొద్దున పది గంటలకి వచ్చారు. టేపుతో తీగ పొడవు కొలిచి రాసుకున్నారు. పందిరి కింద కుర్చీ వేయించుకుని ఒంటిగంట దాకా కదలకుండా కూచున్నారు. పేరంటాలు రెండుసార్లు టీ ఇచ్చింది. గంగరాజు గారు తీగకేసి, డాక్టరు గారికేసి మార్చిమార్చి చూస్తూ, "కానీ, కానీ" అని లోలోపల తీగని బతిమాలుకున్నారు. ఒంటిగంటకి డాక్టరు గారు మళ్లీ టేపు పట్టారు. తీగ చివర ఆకు గాలికి ఊగుతుంటే దాన్ని గేదె చెవి పట్టుకున్నట్టు పట్టుకుని కొలిచారు. తర్వాత బాధగా తల అడ్డంగా ఊపి, ఇలా రాసిచ్చారు: "మూడు గంటలపాటు స్వయముగా పరిశీలించితిని. నా సమక్షములో పెరుగుదల ఏదియూ కనపడలేదు. మొక్క ఆరోగ్యము బాగున్నది. మేత తినుచున్నది."

ఆ చివరి వాక్యం అలవాటు కొద్దీ రాశారు.

చిదంబరేశ్వరరావు గారు ఆ పత్రాన్ని రెండుసార్లు చదివి, ఫైల్లో పెట్టించుకున్నారు. ఇప్పుడు ఆయన చేతిలో పెద్ద ఆధారం ఉంది. మూడు గంటల్లో ఇసుమంతైనా పెరగని మొక్క రెండు నెలల్లో పందిరెక్కిందంటే ఎవరు నమ్ముతారు? ఆ సాయంత్రమే మనుషులొచ్చి కుళాయికి సీలు వేసి వెళ్లారు.

ఇక ఊళ్లో సంగతి. ధ్రువీకరణలో ఊరంతా ఎరుపే వచ్చింది, ఒక్క ఇంట్లో తప్ప. పేరంటాలు గారి ఎదురింటి ఎల్.ఐ.సి. ఏజెంటు భాస్కరశాస్త్రి గారి ఐదు మొక్కలూ నూటికి నూరుపాళ్లు సరిపోలాయి. ఆయన తోటపని తెలిసినవాడు కాదు. ఫ్యాన్సీ షాపులో ప్లాస్టిక్ మొక్కలు కొని కుండీల్లో గుచ్చాడు. మున్సిపాలిటీ ఆయనకి శాలువా కప్పి, 'ఆదర్శ తోటమాలి' అని బిరుదిచ్చింది. ఆయన ఉపన్యాసంలో, "క్రమశిక్షణ. మొక్కల్ని మొదటి రోజు నుంచే క్రమశిక్షణలో పెట్టాలి" అన్నారు.

పేరంటాలు గారి కంటే ముందే ఊరందరికీ విషయం అర్థమైపోయింది. రెండో విడత నమోదుకి అవకాశం ఇవ్వగానే, ఫ్యాన్సీ షాపులో ప్లాస్టిక్ క్రోటన్లు, ప్లాస్టిక్ గులాబీలు, ప్లాస్టిక్ మనీప్లాంట్లు పొద్దున్నే అయిపోయేవి. బతికున్న మొక్కలు చాలామంది పీకేశారు, పక్కన ఉంటే యాప్ తికమక పడుతోందని. మా ఇంట్లోనూ మూడు క్రోటన్లు, రెండు గులాబీలు పెట్టాం. అబద్ధం ఎందుకు, నీళ్లు కావాలి కదా. సెప్టెంబరు కల్లా ఊరు నూటికి తొంభై ఎనిమిది పాళ్లు సరిపోలింది. ఎవరూ నీళ్లు పోయక్కర్లేని మొక్కలకి రోజూ గంటసేపు నీళ్లు వచ్చేవి. మేం స్కూటర్లు కడుక్కునేవాళ్లం.

దేవకీరాణి ఒకరోజు పేరంటాలు గారి గుమ్మంలో కూలబడింది.

"పిన్నిగారూ, మీరూ ఐదు ప్లాస్టిక్‌వి పెట్టేసుకోండి. వార్డులో మీదొక్కటే మిగిలింది. నూటికి నూరు రాకపోతే నా ఉద్యోగం పొడిగించరట."

"పెడితే ఇవి పీకాలా?"

"పీకాలటండీ. అపరిచిత మొక్కలు ఉండకూడదట."

 అప్పటికి పది రోజులుగా పేరంటాలు మూడు వీధుల అవతల స్కూలు దగ్గరి చేతిపంపు నుంచి బిందెలతో నీళ్లు మోస్తోంది. కుడి మోచెయ్యి వాచింది. వంటకి, తాగడానికి పోగా మిగిలింది మొక్కలకి. బెండలు ముందే చచ్చిపోయాయి. కనకాంబరాలు ఆకులు ముడుచుకుని నేలకేసి చూస్తున్నాయి. కర్రీ పాయింట్‌లో నాలుగు కూరలు రెండయ్యాయి, ఆ రెండూ మార్కెట్ కూరగాయలతో. బ్యాంకు మేనేజరు ఒకరోజు పొట్లం విప్పి, "ఏంటి పేరంటాలు గారూ, ఇవాళ మీరు వండలేదా?" అని అడిగాడు. ఆవిడ "నేనే వండాను బాబూ" అని లోపలికి వెళ్లిపోయింది. గంగరాజు గారు వెనకాలే వెళ్లి చూస్తే, పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "చెమట" అంది.

ఆయనకి ఏం చేయాలో తోచక, చేతనైన పని ఒకటి చేశారు. ఆ నోటీసు తీసి మళ్లీ మొదట్నుంచీ పైకి చదివారు. రోజుకోసారి చదవడం ఆయనకి అలవాటైపోయింది.

"ఆగండి," అంది పేరంటాలు. "ఆ ముక్క మళ్లీ చదవండి. ఎవరు తొలగించారని ఉంది?"

"'మీరు గానీ, గుర్తు తెలియని వ్యక్తులు గానీ' అని."

"మనం తొలగించలేదుగా?"

"లేదు."

"మరైతే ఎవరో ఎత్తుకుపోయారన్నమాట. మన ముప్పై ఒక్క మొక్కలూ. ఆఫీసరు గారే సంతకం పెట్టి మరీ చెప్తున్నారు. పదండి, చొక్కా వేసుకోండి."

"ఎక్కడికే?"

"పోలీస్ స్టేషన్‌కి. దొంగతనం జరిగితే ఎక్కడికెళ్తారు?"

ఎస్.ఐ. కనకారావు మొదట నవ్వాడు. తర్వాత నోటీసు చదివాడు. కింద ముద్ర, సంతకం, నిర్ధారించినది అన్న మాట చూశాడు. మొక్కలకి మున్సిపాలిటీ నంబరు బిళ్లలున్నాయని తెలిశాక నవ్వు పూర్తిగా ఆగిపోయింది.

"అంటే ఇవి ప్రభుత్వ ఆస్తి," అన్నాడు. "ప్రభుత్వ ఆస్తి పోయిందని ప్రభుత్వ అధికారే రాసిచ్చాక నేను కేసు కట్టకపోతే నా మీద కేసు అవుతుంది."

"కట్టండి బాబూ," అంది పేరంటాలు.

"అమ్మా, మీకెవరి మీదైనా అనుమానం ఉందా?"

"నాకెవరి మీదా లేదండీ. కానీ ఎత్తుకుపోయినవాళ్లు మంచివాళ్లు. రెండాకుల మొక్కలు పట్టుకుపోయి, కాసే మొక్కలు పెట్టి వెళ్లారు."

కనకారావు ఆ మాట కూడా వాంగ్మూలంలో రాయించాడు.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి పెరటి చుట్టూ పసుపు రిబ్బను కట్టారు. నేరస్థలాన్ని ఉన్నది ఉన్నట్టుగా కాపాడాలని ఎస్.ఐ. మున్సిపాలిటీకి ఉత్తరం రాశాడు: "సదరు అపరిచిత మొక్కలు కేసులో ముఖ్య సాక్ష్యములు. అవి ఎండిపోయినచో సాక్ష్యము నాశనము చేసినట్లు అగును. అందుకు తమరే బాధ్యులు." చిదంబరేశ్వరరావు గారు తన మొత్తం సర్వీసులో అలాంటి ఉత్తరం చూడలేదు. అయినా అందులో తప్పు పట్టడానికి ఒక్క మాట దొరకలేదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే మున్సిపాలిటీ ట్యాంకరు రంగులవారి వీధిలోకి వచ్చి, సాక్ష్యాలకి నీళ్లు పోసి వెళ్లేది. ఫిర్యాదుదారు ఇంటి కుళాయి సీలు కూడా తీసేశారు, దర్యాప్తు పూర్తయ్యేదాకా.

సాక్ష్యాలు విరగకాశాయి. చచ్చాయనుకున్న కనకాంబరాలు కూడా లేచి కూచున్నాయి.

కానీ చిక్కొకటి వచ్చింది. రిబ్బను దాటి వంకాయ కోయబోతే కాపలా కానిస్టేబులు, "అమ్మగారూ, సాక్ష్యాన్ని ముట్టుకోకూడదండి" అన్నాడు. కళ్లెదురుగా బీరకాయలు ముదిరి పీచెక్కాయి. వంకాయలు పసుపు తిరిగాయి. నీళ్లు లేనప్పటి కంటే ఇదే ఎక్కువ బాధగా అనిపించింది పేరంటాలుకి. మూడు రోజులు ఓర్చుకుని, నాలుగో రోజు స్టేషన్‌కి వెళ్లింది.

"ఎస్.ఐ. గారూ, మీ సాక్ష్యం కుళ్లిపోతోంది."

కనకారావు తల గోక్కున్నాడు. చివరికి ఒక దారి దొరికింది. పాడైపోయే వస్తువులైతే ఫిర్యాదుదారుకి సంతకం మీద అప్పగించవచ్చు, మళ్లీ అడిగినప్పుడు హాజరుపరచాలన్న షరతు మీద. అప్పట్నుంచి పేరంటాలు రోజూ పొద్దున కాగితం మీద సంతకం పెట్టి సాక్ష్యాలు కోసుకునేది.

"నిన్నటి బీరకాయల్ని జడ్జిగారు అడిగితే హాజరుపరుస్తారా అమ్మా?" అని ఒకసారి అడిగాడు ఎస్.ఐ.

"నిన్నటివి మీ స్టేషన్‌కే వచ్చాయండీ. పచ్చడిగా."

కనకారావు తల ఊపి, "బాగుంది," అన్నాడు. పచ్చడి సంగతి అన్నాడో, కేసు సంగతి అన్నాడో తెలీదు.

నవంబరులో మరుసటి పచ్చదనం పోటీ ఫలితాలు తేల్చడానికి రాజధాని నుంచి పరిశీలన బృందం వచ్చింది. దాని నాయకురాలు జుట్టు తెల్లబడ్డ పెద్దావిడ. వీధులన్నీ నడిచి చూసింది. మా ఇంటి ముందు ఆగి, క్రోటన్ ఆకు ఒకటి గోటితో గీకింది.  నోట్సులో ఏదో రాసుకుని ముందుకి వెళ్లింది. రంగులవారి వీధిలో పసుపు రిబ్బను చూసి నిలబడిపోయింది.

"ఇదేంటండీ?"

"నేరస్థలం మేడమ్," అన్నారు చిదంబరేశ్వరరావు గారు.

"ఏం నేరం?"

"నమోదిత మొక్కలు మాయమై, వాటి స్థానంలో ఇవి వెలిశాయి."

ఆవిడ రిబ్బను మీదుగా వంగి చూసింది. బంతిపూల మీద తేనెటీగలు తిరుగుతున్నాయి. "ఇవి చాలా బాగున్నాయే!"

"అదే మా అనుమానం మేడమ్."

నాయకురాలు చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత వరండాలోకి వెళ్లి రెండు వంకాయ కూర పొట్లాలు కట్టించుకుని కారెక్కింది. ఆవిడ నివేదిక మూడు వాక్యాలే: "మామిళ్లదిబ్బలో ఒక్క పండుటాకు కనపడలేదు. ఒక్క పురుగు కనపడలేదు. నా ఉద్యోగంలో ఇంత నిలకడైన పచ్చదనం చూడలేదు."

ఆవిడ ఏ ఉద్దేశంతో రాసిందోగానీ, చదివినవాళ్లు మాకు మొదటి బహుమతి ఇచ్చారు. దేవకీరాణి ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించారు. ఎటూ బహుమతి వచ్చేసింది కాబట్టి పేరంటాలు గారి కేసు గురించి అడిగేవాళ్లు లేక, కనకారావు 'నమోదిత మొక్కల ఆచూకీ లభించలేదు' అని రాసి మూసేశాడు. కుళాయికి మళ్లీ సీలు వేయమని ఎవరూ రాయలేదు కాబట్టి ఎవరూ వేయలేదు.

బహుమతిగా ఒక పెద్ద జ్ఞాపిక, దాంతోపాటు కుండీలో ఒక మొక్క ఇచ్చారు. జానెడుంది. బతికున్నది. పెద్దవాళ్ల చేతుల మీదుగా అందుకున్నది కాబట్టి దాన్ని అక్కడికక్కడే ఫోటో తీసి నమోదు చేశారు. చిదంబరేశ్వరరావు గారు దాన్ని తెచ్చి తన గది ముందు ఎండపడే చోట పెట్టించారు. అదేం మొక్కో ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. ఆకులు సన్నగా, ముద్దుగా ఉన్నాయన్నారు. అది మునగ.

ఫిబ్రవరి కల్లా అది గుమ్మం పైకి వెళ్లింది. కుండీ అడుగు చిల్లులోంచి వేరు నేలలోకి దిగింది. అటెండర్లు కత్తిరించారు. కత్తిరించిన చోట మూడు కొమ్మలు వచ్చాయి. మళ్లీ కత్తిరిస్తే తొమ్మిది వచ్చాయి. ఇంతలో రాజధాని నుంచి నోటీసు దిగింది. బహుమతి మొక్క నమోదు ఫోటోతో సరిపోలలేదనీ, ప్రభుత్వ బహుమతిని మార్చివేసిన వైనంపై అధికారి స్వయంగా సంజాయిషీ ఇవ్వాలనీ.

ఆ మర్నాడు పదకొండు గంటల వేళ చిదంబరేశ్వరరావు గారు ఒక్కరే నడుచుకుంటూ రంగులవారి వీధికి వచ్చారు. చొక్కా నలిగి ఉంది. కర్రీ పాయింట్ బల్ల ముందు నిలబడి, "పప్పు అయిందా అమ్మా?" అన్నారు.

"పావుగంట పడుద్ది బాబూ. కూచోండి."

ఆయన కూచోలేదు. జేబులోంచి కాగితం తీసి, మళ్లీ లోపల పెట్టుకుని, "మొక్కలు... ఎంత వేగంగా పెరుగుతాయి?" అని అడిగారు.

పేరంటాలు ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. గంగరాజు గారు లోపలి గుమ్మంలోంచి సైగ చేశారు, నాలుగు మాటలు గట్టిగా అడగమని. ఆవిడకి అడగబుద్ధి కాలేదు. చెయ్యి తుడుచుకుని, "ఇలా రండి" అని పెరట్లోకి తీసుకెళ్లింది.

సంక్రాంతి వెళ్లాక వేసిన కొత్త బీరపాదు. ఇంకా పందిరెక్కలేదు. తీగ పక్కనుంచి దారప్పోగు లాంటి నులితీగ ఒకటి ఉత్తగాలిలోకి చాచుకుని ఉంది.

"మీ దగ్గర పెన్నుందా బాబూ? దీనికి కాస్త ఆన్చి పట్టుకోండి. కదపకండి. నేను పప్పు దించి వస్తాను."

ప్రత్యేక అధికారి గారు జేబులోంచి పెన్ను తీసి, నులితీగ కొసకి ఆనించి, ఎండలో నిలబడ్డారు. కాసేపటికి చెమట పట్టింది. ఇంకో చేత్తో తుడుచుకున్నారు. పెన్ను మాత్రం కదపలేదు. పేరంటాలు తాలింపు వేసి, రెండు పొట్లాలు కట్టి, తీరిగ్గా వచ్చి చూసేసరికి నులితీగ పెన్ను చుట్టూ ఒక చుట్టు తిరిగి, రెండో దానికి వంగుతోంది. ఆయన దాన్నే చూస్తున్నారు.

"ఇది నా పెన్ను పట్టుకుంది," అన్నారు, చాలా మెల్లగా.

"ఆసరా అనుకుందండీ."

"ఇప్పుడు లాగితే?"

"తెగుద్ది."

ఆయన ఇంకాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత పెన్ను క్యాప్ కొక్కేన్ని జాగ్రత్తగా పందిరి తాడుకి తగిలించి, వేళ్లు ఒక్కొక్కటే వదిలారు. పొట్లాలు తీసుకుని వెళ్లిపోయారు.

సాయంత్రం గంగరాజు గారు కంగారుగా, "ఏమే, ఆఫీసరు గారి పెన్నుతో మనకెందుకొచ్చిన గొడవ, ఇచ్చేసి రానా?" అన్నారు.

పేరంటాలు బీరపాదుకి చెంబుతో నీళ్లు పోస్తూ, "కాపు అయిపోయాక చూద్దాం లెండి," అంది.